కరెంటు పోవలసిన సినిమా

పప్పుచారూ వడియాలూ దట్టించి మంచం మీద వాలినవాడు బుద్ధిగా నిద్రపోవాలి. నేను పోలేదు. పని లేక మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క రాశాను: "ఎన్నయినా చెప్పండి, వీధికొక్క టీవీ ఉన్న రోజుల్లో సినిమా చూసిన సుఖమే వేరు. మధ్యలో కరెంటు పోయినా బాగుండేది."

అంతే. దండాలు, చప్పట్లు, కళ్లనీళ్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. "మీ ఇంట్లో ఆ షట్టర్ల టీవీ ఇప్పటికీ కళ్లముందే ఉందన్నయ్యా" అని ఒకడు. "అప్పటి సినిమాల్లో కథ ఉండేది, ఇప్పుడేముంది, కొట్టుకు చావడం తప్ప" అని ఇంకొకడు. కలర్ టీవీ వచ్చాక పుట్టినవాడు కూడా "ఆ బ్లాక్ అండ్ వైట్ రోజులు మిస్సవుతున్నా" అని రాశాడు.

నా కవిత్వాన్ని మా అత్తయ్యకు చదివి వినిపించాను. దుర్గాంబత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. మా ఇంట్లోనే ఉంటుంది. నడుం వంగింది గాని గొంతు వంగలేదు.

"బాగుండేదా? కరెంటు పోతే బాగుండేదా? నీ మొహంలా ఉంది" అంది. "దోమలు పీక్కు తినేవి. గదిలో అంత మంది జనం, చెమట, వేరుశెనగ తొక్కలు. పొద్దున్నే అవన్నీ ఊడ్చింది నేనురా, నువ్వు కాదు. అంతెందుకు, ఆ పాలగ్లాసుల సినిమా సంగతేమిటి? ఆ కరెంటు పోయిన దగ్గర్నుంచీ నా ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది."

ఆ సినిమా అసలు పేరు మా వీధిలో ఎవరికీ గుర్తు లేదు. పాలగ్లాసుల సినిమా అనే అంటాం. ఆఖరి సీనులో విలన్ అయిన తమ్ముడు రెండు పాలగ్లాసుల్లో ఒకదాంట్లో విషం కలుపుతాడు, అన్నను చంపేద్దామని. తల్లి అది అద్దంలో చూస్తుంది. కానీ విషం ఏ గ్లాసులో పడిందో ఆవిడకు తెలియదు. పాపం మూగది, అరిచి చెప్పలేదు. అటు అన్నా ఇటు తమ్ముడూ, ఇద్దరూ కన్నకొడుకులే. ఆవిడ ఆ పళ్లెం మీద చెయ్యి వేసింది. మా రేవుపాలెంలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి వార్తలు చదువుతున్నారు.

ఆ సినిమా మళ్లీ ఏ హాల్లోకీ రాలేదు, ఏ చానల్లోనూ వెయ్యలేదు, ఇంటర్నెట్టులో వెతికితే పాలపొడి ప్రకటనలు వచ్చాయి. తల్లి గ్లాసులు మార్చేసి ఉంటుందనీ, తమ్ముడే తాగి చచ్చి ఉంటాడనీ మా అత్తయ్య వాదన. కాదు, తల్లే తాగేసి ఉంటుందని ఎదురింటి మాణిక్యమ్మగారి వాదన. ఆవిడకు ఇద్దరు కొడుకులు, వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. ఈ విషయం మీద ఇద్దరాడవాళ్లూ ఓసారి ఏడాదిపాటు మాట్లాడుకోవడం మానేశారు. మాట్లాడుకోకుండానే పచ్చళ్లు మాత్రం ఇచ్చిపుచ్చుకున్నారు.

నేను రాసిన ముక్కను మా వార్డు కౌన్సిలరు మున్సిపల్ చైర్మన్‌కు పంపించాడు. అప్పటికే చైర్మన్ కడుపుమంటతో ఉన్నాడు. పక్క ఊరి మున్సిపాలిటీ పాత తూములకు రంగులేసి, వారసత్వ సంపద అని బోర్డు పెట్టి, అవార్డు కొట్టేసింది. మా ఊళ్లో పాత తూములు కూడా మిగల్లేదు. అందుకని జ్ఞాపకాలను కాపాడదామని తీర్మానించారు. వారం తిరక్కుండా స్మృతి పరిరక్షణ విభాగం ప్రత్యేకాధికారి గుణశేఖర్ గారు ఇద్దరు గుమాస్తాలతో, ఒక కొలతల టేపుతో మా ఇంటికి వేంచేశారు.

"పట్టాభిగారూ, అభినందనలు" అన్నారు. "మీ సందేశం పురపాలక సంఘం వారి దృష్టికి వచ్చినది. ఇందుమూలముగా మీ గృహమును 'సామూహిక టీవీ వీక్షణ స్మృతి గృహం'గా ప్రకటించడమైనది."

"నేనేదో ఊరికే అన్నానండీ."

"ఊరికే అన్న మాటలే మా విభాగం పరిధిలోకి వస్తాయి. ఆలోచించి అన్నవాటికి వేరే విభాగం ఉంది. దానికింకా సిబ్బందిని వెయ్యలేదు."

ఆయన తమ విభాగం మూలసూత్రం చదివి వినిపించారు. "నాడు జరిగినది నేడు జరుగవలెను. నాడు జరగనిది నేడు జరగరాదు." వినడానికి బాగానే ఉందనిపించింది. చచ్చినట్టు తలూపాను.

మర్నాడే మా సోఫా మేడ మీదికి పోయింది. గోడకున్న పెద్ద టీవీ అటక ఎక్కింది. దాని స్థానంలో ఎక్కణ్ణించో ఒక షట్టర్ల టీవీ వచ్చింది. దాని పొట్టలో సామానంతా మార్చి పెన్‌డ్రైవుతో నడిచేటట్టు చేశారు. పైన కుట్టుపని గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు. మా ఆవిడ హైమ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"మరి నా సీరియల్?"

"మేడం, నాడు సీరియళ్లు వారానికొకటే" అన్నారు గుణశేఖర్ గారు. "పైగా ఈ గృహంలో వచ్చిన జనాన్ని చూసి వంటింట్లో గొణుక్కునే పాత్ర ఒకటున్నట్టు వీధివారు వాంగ్మూలం ఇచ్చారు. ఆ పాత్ర పట్టాభిగారి తల్లిగారిది. వారు కీర్తిశేషులు గనుక ఆ బాధ్యత మీకు సంక్రమిస్తుంది. రిహార్సల్ ఏమైనా కావాలా?"

"అక్కర్లేదు" అంది హైమ. నిజంగానే అక్కర్లేకపోయింది.

ఆనాడు ఎవరెక్కడ కూర్చున్నారో ఈనాడూ అక్కడే కూర్చోవాలన్నారు. వీధిలో ఇల్లిల్లూ తిరిగి విచారించారు. రిటైరైన హెడ్మాస్టరు రంగనాయకులు గారు చిన్నప్పుడు మా కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవారని తేలింది. ఆయన మోకాలు ఆపరేషన్ కాగితాలు పట్టుకొచ్చి బతిమాలారు.

"మీ విజ్ఞప్తిని సానుభూతితో పరిశీలించాం" అన్నారు గుణశేఖర్ గారు. "ఊచల దగ్గర స్టూలు మంజూరు చేస్తున్నాం. అయితే చేతులు మాత్రం ఊచల మీదే ఉండవలెను."

మేడ మీద యాంటెన్నా తిప్పిన మా బాబాయి ఎప్పుడో పోయాడు. ఆ ఖాళీని అవుట్‌సోర్సింగ్‌లో భర్తీ చేశారు. అతగాడు మేడెక్కి, దేనికీ తగిలించని యాంటెన్నాను తిప్పుతూ "వచ్చిందా?" అని అరవాలి. కింద మేం "రాలా!" అనాలి. మొదటి రిహార్సల్లో అతను "వచ్చిందా?" అనగానే హైమ వంటింట్లోంచి "వచ్చింది, ఇక దిగవయ్యా బాబూ" అంది. గుణశేఖర్ గారికి కోపం వచ్చింది. కనీసం రెండు మూడుసార్లు రాకపోతే అది యాంటెన్నాయే కాదన్నారు.

ఇంతకీ ఏ సినిమా వెయ్యాలి? వీధి మొత్తానికి కరెంటు పోయిన రోజే బాగా గుర్తుంది. అందరూ పాలగ్లాసుల సినిమా పేరే చెప్పారు. ఇది కుదిరే బేరం కాదులే, ఇంతటితో వదుల్తుంది అనుకున్నాను. మున్సిపాలిటీని తక్కువ అంచనా వేశాను. మంచినీళ్ల పైపు పగిలితే నెల్లాళ్లకు గాని రాని మనుషులు, చెన్నై వెళ్లి, ఏదో గోడౌన్లో తుప్పు పట్టిన డబ్బాల మధ్య ఆ సినిమా రీళ్లు పట్టుకుని, కడిగించి, పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చారు. చివరి రీలుతో సహా!

ఆ మాట విన్న మా అత్తయ్య మొహం చూడాలి. కంటి శుక్లాలకు ఆపరేషన్ చేయించుకోమంటే "ఇంకా నేను చూడాల్సిందేముందిరా" అని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్న మనిషి, తనే ఆటో పిలిపించుకుని వెళ్లి చేయించుకొచ్చింది. నల్లకళ్లద్దాలతో ఎదురింటికి వెళ్లి, "మాణిక్యం, తమ్ముడు చావడం నా కళ్లతో చూసి నీకు చూపిస్తానే" అని చెప్పి వచ్చింది. నాకు మొదటిసారి ఈ మున్సిపాలిటీ మీద గౌరవం లాంటిది కలిగింది.

అది కార్యక్రమ పత్రం అచ్చయి వచ్చేదాకానే. అందులో ఇలా ఉంది: "తల్లి పళ్లెముపై చేయి వేయుట. వెనువెంటనే విద్యుత్ అంతరాయము. అందరూ 'అయ్యో' అనుట. విసనకర్రలు. పిమ్మట అరుగుపై ముగింపు గురించి చర్చ."

అత్తయ్య కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుని నాతో రెండుసార్లు చదివించింది. తరవాత గుణశేఖర్ గారిని పిలిపించింది.

"ఏం నాయనా, రీలుందా?"

"ఉన్నదమ్మా."

"చివరిదాకా ఉందా?"

"సంపూర్ణంగా ఉన్నది."

"మరి వెయ్యడానికేం నొప్పి?"

"అమ్మా, మీ ఆకాంక్ష సబబే. వ్యక్తిగతంగా నా హృదయం మీతోనే ఉంది. కానీ నాడు ముగింపు కనబడలేదు. నేడు కనబడితే అది చరిత్ర వక్రీకరణ."

"పోనీ మీ తతంగమంతా అయ్యాక, జనం వెళ్లిపోయాక, నాకొక్కదానికీ వెయ్యి. తలుపులేసుకుని చూస్తాను."

"ఆ పెన్‌డ్రైవు విభాగం ఆస్తి. కార్యక్రమం పూర్తవగానే సీలు వేసి భద్రపరచాలి."

"దేనికి భద్రపరచడం, ఎవరికీ చూపించనప్పుడు?"

"భావితరాల కోసమమ్మా."

"వాళ్లకు చూపిస్తావా?"

"వారికీ అంతరాయం వరకే."

అత్తయ్య గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. హైమ కాఫీ పట్టుకెళ్తే, "కళ్లు బాగుచేయించుకున్నది ఆ గుణశేఖర్ మొహం చూడ్డానికా?" అందట. నాకు ఒళ్లు మండిపోయింది. కలెక్టరేట్‌కు రెండు అర్జీలు పెట్టాను. రెండూ తగు చర్య నిమిత్తం గుణశేఖర్ గారికే వచ్చాయి.

ఇక మిగిలింది ఒక్కటే ఆశ, కరెంటాఫీసు. కరెంటు తియ్యాలంటే వాళ్లు ఒప్పుకోవాలి కదా. గుణశేఖర్ గారితో పాటు నన్నూ అక్కడికి లాక్కుపోయారు, ఇంటి యజమాని సమ్మతి కావాలట. అసిస్టెంట్ ఇంజనీరు ఫణికుమార్ గారు మా లెటరు చదివి వెనక్కి వాలారు.

"సారీ అండీ. మాది నిరంతర సరఫరా. రేవుపాలెంలో కరెంటు పోవడమన్న మాటే లేదు."

అనగానే ఫ్యాను ఆగింది. లైటు ఆరిపోయింది. ఆయన లెటరు తీసుకుని విసురుకుంటూ కొనసాగించారు.

"చూశారుగా, దీన్ని పోవడం అనరు. లోడు సర్దుబాటు. మీరడిగేది కావాలని తియ్యడం. దానికి మాకు పద్దు లేదు."

వాళ్లిద్దరూ ఆ చీకట్లో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి మధ్యేమార్గం కుదిరింది. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ జోజి నిలబడతాడు. గుణశేఖర్ గారు ఈల వెయ్యగానే ఫ్యూజు పీకుతాడు. దాన్ని 'సాంస్కృతిక మరమ్మతు' అని రాసుకుంటారు. ఈల వేళకు పీకకపోతే జోజి మీద చర్య. జోజి మా వీధివాడే. చంటిపిల్లాడి తండ్రి, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అలాగేనండీ అన్నాడు, ఏమంటాడు మరి!

అనుకున్న శనివారం సాయంత్రం వచ్చింది. మంత్రిగారు వచ్చి, జ్యోతి వెలిగించి, తన చిన్నప్పుడు టీవీ లేదని, అందుకే ఇంతవాణ్ణయ్యానని చెప్పి వెళ్లిపోయారు. ఆయన మైకు కోసం తెచ్చిన జనరేటరు మాత్రం మా పెరట్లోనే ఉండిపోయింది. సినిమా మొదలైంది. గది కిక్కిరిసిపోయింది. రంగనాయకులు గారు స్టూలెక్కి ఊచలు పట్టుకున్నారు. మేడ మీంచి "వచ్చిందా?" అన్నారు, మేం "రాలా!" అన్నాం. వంటింట్లో హైమ గొణుగుడు జీవకళతో సాగింది. ముందు వరుసలో చాప మీద అత్తయ్యా, మాణిక్యమ్మగారూ పక్కపక్కనే కూర్చున్నారు. అత్తయ్య ససేమిరా రానంది. మాణిక్యమ్మగారే రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. టీవీ పక్కన ఒక గుమాస్తా "అంతరాయానికి చింతిస్తున్నాం" అని రాసిన బోర్డు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

తమ్ముడు జేబులోంచి పొట్లం తీశాడు. ఆ పొట్లం విప్పుతూ ఉండగా టప్పున కరెంటు పోయింది.

అందరం అలవాటు కొద్దీ "అయ్యో" అన్నాం. గుమాస్తా బోర్డు ఎత్తాడు. గుణశేఖర్ గారు చీకట్లో కేక పెట్టారు.

"ఆగండి! ఎవరూ అయ్యో అనకండి! ఇది మన అంతరాయం కాదు! నేనింకా ఈల వెయ్యలేదు!"

నిజమే. అది అసలుసిసలు కరెంటు కోత. ఊరంతా పోయింది.

"ఇది అనధికార అంతరాయం" అన్నారాయన రొప్పుతూ. "తల్లి ఇంకా పళ్లెం మీద చెయ్యి వెయ్యలేదు. సరఫరాను తక్షణం పునరుద్ధరించి, నిర్ణీత సమయానికి సక్రమంగా తొలగించాలి. జనరేటరు వెయ్యండి!"

జనరేటరు దడదడలాడింది. టీవీలో వెలుగొచ్చింది. ఆగిన చోటి నుంచే సినిమా మళ్లీ నడిచింది. ఆ మోతలో ఈల జోజికి వినబడదని గుణశేఖర్ గారు దాన్ని నోట్లో పెట్టుకుని, పంచాయితీ తీర్చడానికి పోతున్నవాడిలా వీధి చివరికి పరుగెత్తారు.

అక్కడ జరిగింది తరవాత జోజి చెప్పాడు.

"సార్, లైన్లో కరెంటే లేదండి. ఏటి పీకమంటారు?" అన్నాడట.

"కరెంటు ఉన్నా లేకపోయినా ఫ్యూజు పీకడం నీ విధి. పీకుతావా, సస్పెండవుతావా?"

ఫోను చెవి దగ్గర పెట్టుకుని గుమాస్తా చెప్పే ప్రత్యక్ష వ్యాఖ్యానం వింటూ, తల్లి పళ్లెం మీద చెయ్యి వేసిందనగానే ఆయన ఈల వేశారు. జోజి ఫ్యూజు పీకేశాడు. వీధి వీధంతా చీకటి. చీకటి చూసి గుణశేఖర్ గారు తృప్తిగా నవ్వారట. ఆ చీకటి అంతకుముందు నుంచీ ఉందన్న సంగతి జోజి ఎత్తలేదు.

మా ఇంట్లో సినిమా మాత్రం ఆగలేదు. జనరేటరుకు ఫ్యూజుతో పనేముంది?

బోర్డు పట్టుకున్న గుమాస్తా, ఫోను పట్టుకున్న గుమాస్తా, ఇద్దరూ నోళ్లు తెరుచుకుని తెరకే అతుక్కుపోయారు. తల్లి అన్న వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. రెండు గ్లాసులూ చేతుల్లోకి తీసుకుంది. ఒకటి తాగింది. రెండోదీ తాగేసింది. అన్న "అమ్మా!" అన్నాడు. ఒక్క క్షణం ఆగి తమ్ముడూ "అమ్మా!" అన్నాడు. వాడు ఆ మాట అనడం సినిమా మొత్తానికి అదే మొదలు. తల్లి పడిపోలేదు, నిలబడే ఉంది. కిరాణా కొట్టు శెట్టి విషమని ఇచ్చింది బియ్యప్పిండట. తమ్ముడు కాళ్ల మీద పడ్డాడు. అందరూ వరసగా నిలబడి నవ్వారు. శుభం.

"చెప్పానా?" అంది మాణిక్యమ్మగారు. "తల్లే తాగుతుందని చెప్పానా లేదా?"

"చెప్పావులేవే" అంది మా అత్తయ్య. "నువ్వు ఒక గ్లాసన్నావు. తాగింది రెండు."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వారు. ఆపరేషన్ చేసిన కంటికి తడి తగలకూడదని డాక్టరు చెప్పాడత్తయ్యా అన్నాను. "ఇందుకు కాకపోతే ఇంకెందుకురా ఈ కళ్లు" అంది.

సరిగ్గా అప్పుడు గుణశేఖర్ గారు గుమ్మంలోకి వచ్చారు. తెర మీద ఇంకా 'శుభం' అని ఉంది.

మర్నాడే విచారణ. మా అరుగు మీదే కుర్చీ వేయించుకున్నారు. ముగింపు ప్రదర్శితం కావడం తీవ్రమైన స్మృతి ఉల్లంఘన అనీ, లేని కరెంటును ఆపడంలో లైన్‌మన్ విఫలమయ్యాడనీ అభియోగం. జనరేటరు వెయ్యమన్నది ఎవరన్న ప్రశ్న ఆయన వేసుకోలేదు. జోజి చేతులు కట్టుకుని మూల నిలబడ్డాడు. వాడి పెళ్లాం చంటిపిల్లాణ్ణెత్తుకుని వీధిలో నిలబడింది.

మొదట అత్తయ్యను పిలిచారు. ఇన్నేళ్లకు చూసింది, ఊరంతా చాటుకోవాలని నోరు ఊరుతున్న మనిషి.

"అమ్మా, నిన్నటి చిత్రం ముగింపు మీరు చూశారా?"

అత్తయ్య జోజి వైపు చూసింది. వీధిలో పిల్లాడి వైపు చూసింది.

"ఎక్కడ చూశాను నాయనా, కరెంటు పోయిందిగా" అంది.

మాణిక్యమ్మగారు వచ్చింది. "పోయింది బాబూ. తల్లి పళ్లెం మీద చెయ్యేసింది, టప్పున పోయింది." ఆ సినిమా విషయంలో వాళ్లిద్దరి మాటా కలవడం మా వీధి అదే మొదటిసారి చూడటం. రంగనాయకులు గారు, చేతులు ఊచల మీదే ఉన్నాయనీ, కళ్ల ముందు చీకటి తప్ప ఏమీ లేదనీ చెప్పారు. నేనూ చెప్పాను. హైమ గొణిగింది. గుమాస్తాలిద్దరూ తాము చూసినట్టు రాస్తే తమ మీదికే వస్తుందని లెక్కేసుకుని, పోయిందనే చెప్పారు.

"ఇదెక్కడి అన్యాయం!" అని లేచారు గుణశేఖర్ గారు. "నేను స్వయంగా నా కళ్లతో 'శుభం' చూశాను!"

"అయితే ముగింపు చూసింది తమరొక్కరేనన్నమాట" అంది మాణిక్యమ్మగారు.

ఆయన కూర్చున్నారు. తరవాత "అంతరాయము సంపూర్ణముగా, విజయవంతముగా అమలైనది. లైన్‌మన్ విధినిర్వహణ సంతృప్తికరము" అని చెప్పి రాయించారు. జోజి పెళ్లాం పిల్లాణ్ణి గట్టిగా హత్తుకుంది.

గుమాస్తాలు కాగితాలు సర్దుకుని జీపు దగ్గరికి వెళ్లారు. గుణశేఖర్ గారు మాత్రం కదల్లేదు. కుర్చీ అత్తయ్య దగ్గరికి జరుపుకున్నారు. గొంతు తగ్గించారు. ఆ గొంతులో ఆఫీసు లేదు.

"అమ్మా, ఇది రికార్డు కోసం కాదు. ఆ పెన్‌డ్రైవు సీలు వేసేశాం, ఇక నేనైనా విప్పకూడదు. రాత్రంతా కన్ను మూతపడలేదు. మీకు దండం పెడతాను. ఆ విషం ఎవరు తాగారు?"

అత్తయ్య చీర కొంగు సర్దుకుంది.

"నేను చూళ్లేదుగా నాయనా. అయినా ఇలా జరిగి ఉంటుందని నా ఊహ, విను. ఆ తల్లి పెద్దవాడి వంక చూస్తుంది. కన్నీళ్లు తుడుచుకుంటుంది. చిన్నవాడి వంక చూస్తుంది. వాడు తల దించుకుంటాడు. ఇద్దరూ కన్నబిడ్డలే, ఏం చేస్తుంది చెప్పు?"

"ఏం చేస్తుందమ్మా?" ఆయన కుర్చీ అంచుకు వచ్చేశారు.

"గ్లాసులు చేతిలోకి తీసుకుంటుంది. ఇదిగో, ఇలా పైకెత్తి..."

అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన నోరు తెరుచుకునే ఉంది.

"ఊఁ? ఎత్తి?"

"అంతే నాయనా. కరెంటు పోయింది" అని చెయ్యి దించి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, లోపలికి వెళ్లిపోయింది.

మాణిక్యమ్మగారు గోడకు ఆనించి ఉన్న "అంతరాయానికి చింతిస్తున్నాం" బోర్డు తీసి, ఆయన మొహానికి ఎదురుగా పెట్టి, విసనకర్ర చేతికిచ్చింది.

కార్యక్రమ పత్రంలో ఉన్నట్టే, గుణశేఖర్ గారు "అయ్యో" అన్నారు.